పాత రివాల్వర్‌ను నమ్ముకోవచ్చా? దసరాకు ముందు లైసెన్సుదారులకు జాగ్రత్తలు

వానలు వెనకబట్టి పత్తి ఏరుడు మొదలయ్యే వేళకు మన దిక్కు నగదు ఎక్కువ తిరుగుతుంది. అదే రోజుల్లో దసరా ఆయుధపూజకని ఏడాదంతా బీరువాలో పడున్న తుపాకీ బయటికొస్తుంది. మిర్యాలగూడ మిల్లర్లు, జడ్చర్ల కమీషన్ ఏజెంట్లు, హైవే మీద బంకులు నడిపేవాళ్లు, భూముల బేరాల్లో ఉన్నవాళ్లు లైసెన్సు చేతికి రాగానే అడిగే మాట ఒకటే ఉంటుంది: "కొత్తది లక్ష దాటి చెప్తున్నరన్నా. ఎవలదన్న పాతది తక్కువకు దొరికితే తీస్కోవచ్చా? టైముకు పేలుతదా?"

పేలుతుంది. కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ .32 బోరు (గొట్టం లోపలి కొలత) రివాల్వర్, లైసెన్సు ఉన్న మనిషి చేతిలో మంచిగా ఉన్నది, తెలిసినవాడితో చూపించి తీసుకుంటే భయపడాల్సిన పని లేదు. ఎక్కువసార్లు మోసం చేసేది తుపాకీ కాదు. అందులో వేసే తూటా, దాన్ని దాచిన చోటు, దాని కాగితాలు.

ముందు ఒక భ్రమ తీసేయాలి. చవక పిస్టళ్ల మీద యూట్యూబ్‌లో వచ్చే అమెరికా వీడియోలు చూసి చాలామంది అదే లెక్క ఇక్కడ వేస్తున్నారు. అక్కడ పోలీసు శాఖలు మార్చేసిన గ్లాక్‌లు, స్మిత్ అండ్ వెసన్‌లు సెకండ్ హ్యాండ్‌లో దుకాణాలకు వస్తాయి. హై-పాయింట్ లాంటి చవక రకాలూ ఉంటాయి. కొన్నవాడు రేంజికి పోయి ఒకటీ రెండు వందల తూటాలు కాల్చి, ఎక్కడా ఇరుక్కోలేదని తేలాకే నడుముకు పెట్టుకుంటాడు. మనకు ఆ పరీక్షే లేదు. లైసెన్సులో రాసినన్ని తూటాలే ఇస్తారు, ప్రతిదానికీ లెక్క చెప్పాలి. పైగా 1980ల నడిమి నుంచి బయటి దేశాల చేతి తుపాకులు మామూలు జనానికి రావడం దాదాపు ఆగిపోయింది. అందుకే పాత బ్రిటిష్ వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ ఒకటి అమ్మకానికొస్తే కాన్పూర్ కొత్తదానికంటే ఎన్నో రెట్లు పలుకుతుంది. ఆ ధర కొరతకూ పేరుకూ ఇచ్చేది, పనితనానికి కాదు. ముత్తాతల కాలపు స్ప్రింగులు, విరిగితే దొరకని పిన్నులు. గోడకు అందంగానే ఉంటుంది గానీ, ప్రాణానికి దాన్ని నమ్ముకోమని నేను చెప్పను.

మనకు అందుబాటులో ఉండేవి ఎక్కువగా ప్రభుత్వ ఫ్యాక్టరీల .32లే. పాత కాన్పూర్ రివాల్వర్ వెబ్లీ నమూనాలోనే పైనుంచి మడత విరిచి తూటాలు నింపే రకం, ఆరు గదులు. 2014 జనవరిలో వచ్చిన నిర్భీక్ అదే పద్ధతిలో టైటానియం కలిపి తేలిక చేసింది, అర కిలో బరువు. వచ్చినప్పుడే దాని ధర 1,22,360 రూపాయలు. 2023 ఆగస్టులో వచ్చిన ప్రబల్‌కు సిలిండర్ (తూటాల గదులుండే గుండ్రటి భాగం) పక్కకు తెరుచుకుంటుంది. యాభై మీటర్ల దాకా పోతుందని దాని గురించి గొప్పగా చెప్తారు. యాభై మీటర్ల అవతల ఉన్న మనిషిని కాల్చి ఆత్మరక్షణ అంటే ఏ కోర్టు వింటుందో ఆ చెప్పేవాళ్లకే తెలియాలి. 9 ఎంఎం మామూలు జనానికి ఇవ్వని నిషేధిత బోరు. "పోలీసోళ్ల దగ్గరుండే అసుంటిదే ఇప్పిస్త" అని ఎవరన్నా అంటే అక్కడినుంచి లేచి రండి.

కాగితాల సంగతి. అమ్మేవాడికీ కొనేవాడికీ లైసెన్సు ఉన్నంత మాత్రాన చేతులు మార్చుకోవడానికి లేదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఫలానా తుపాకీ ఫలానా మనిషికి అమ్ముతున్నానని కలెక్టర్‌కో దగ్గరి ఠాణాకో రాసిచ్చి, 45 రోజులు గడిచాకే ఇవ్వాలి. ఈలోపు "వాడి చూడు బావా" అని ఇంట్లో పెట్టి పోతే ఇద్దరూ ఇరుక్కుంటారు. తుపాకీ మీది నంబరు, లైసెన్సులో నంబరు అంకె అంకె సరిచూసుకోండి. తుప్పు గీకి పాలిష్ పట్టించిన వాటిలో ఒక అంకె అరిగిపోయి 3 కాస్తా 8 లాగా కనిపిస్తుంది. దాన్ని రెన్యువల్‌లో సరిచేయించుకోవడం నెలల పని. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు గడువు ఐదేళ్లు. మూడోది చవకగా వచ్చిందని బయానా ఇవ్వకండి.

అచ్చంపేట, మన్ననూరు, అమ్రాబాద్, ఇటు దేవరకొండ అవతల చందంపేట దిక్కు ఉన్నవాళ్లకు ఇంకొకటి ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల ఉంటే వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ కింద లైసెన్సుదారు అటవీశాఖలో పేరు నమోదు చేయించుకోవాలి, కొత్త లైసెన్సుకు వాళ్ల ఒప్పుకోలు కావాలి. అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోవడమే నేరం. కారులో రివాల్వర్ పెట్టుకొని అడవి దారుల్లో తిరిగొద్దామనుకునేవాళ్లు దీన్ని పట్టించుకోరు.

ఇక చేతిలోకి తీసుకొని చూడటం. అమ్మేవాడు "ఖాళీనే" అన్నా మీరే తెరిచి ఆరు గదులూ వేలితో తడిమి చూడండి. పిస్టల్ అయితే మ్యాగజైన్ తీశాక గదిలో మిగిలిన ఒక్క తూటానే మనుషుల్ని చంపుతుంది. మ్యాగజైన్ తీస్తే ఖాళీ అయిందనుకోవద్దు, స్లైడు లాగి కంటితో చూడాలి. తర్వాత రివాల్వర్‌ను మూసి, మడత దగ్గర రెండు చేతులతో మెల్లగా కదపండి. పైకొండి దగ్గర కడకడమంటే ఆ రకం రివాల్వర్‌కు అదే పెద్ద రోగం. హ్యామర్ (వెనకనుంచి తూటాను కొట్టే మీట) ఎత్తిపెట్టి సిలిండర్‌ను అటూ ఇటూ తిప్పిచూడండి. వెంట్రుకవాసి కదలిక ఉంటుంది, గలగలా ఆడితే మాత్రం గది బ్యారెల్‌కు సూటిగా నిలవడం లేదు. అలాంటి దాంట్లో గుండు అంచుకు గీరుకొని సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి. ఎత్తిన హ్యామర్‌ను బొటనవేలితో ముందుకు ఒత్తితే ట్రిగ్గర్ ముట్టకుండానే పడిపోయిందా, ఆ బేరం అక్కడే ఆపేయండి. బ్యారెల్‌లోకి వెలుతురు పంపి చూస్తే లోపలి మెలికలు అంచు పదునుతో కనిపించాలి. నడుమ ఒక నీడ ఉంగరంలా కనపడితే లోపల ఎప్పుడో గుండు ఇరుక్కొని బ్యారెల్ ఉబ్బిందని అర్థం. దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఇవన్నీ చూశాక కూడా హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్న దుకాణపు మిస్త్రీకి చూపించాకే డబ్బులివ్వండి. హ్యామర్‌కు అడ్డుపట్టీ లేని పాతరకం అయితే దాని కింది గది ఖాళీగా ఉంచి ఐదే నింపుకోవాలి. లేకపోతే తుపాకీ కింద పడినప్పుడు ఆ గదిలోని తూటా పేలుతుంది.

తూటాల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. "గోలీలు మా నాయిన ఉన్నప్పటివి, ఇంక డబ్బ ఖాళీ గాలే" అనే మాట గర్వంగా చెప్పుకునేవాళ్లు ఎందరో. ఆ డబ్బా విప్పితే తోలు బెల్టు గడుల్లో నిలబెట్టిన తూటాల నడుముకు పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. తోలును పదునుచేసిన మందు ఇత్తడిని తినడం వల్ల వచ్చేది అది. గోకి, నిమ్మకాయ రుద్ది మెరిపించి మళ్లీ అదే బెల్టులో పెడతారు. అలాంటి తూటా పేలకపోవడం ఒక కష్టం. సగం పేలడం అంతకంటే పెద్ద కష్టం. టప్‌మని చిన్న చప్పుడు చేసి గుండు బ్యారెల్ మధ్యలో ఆగిపోతుంది, వెనక ఇంకోటి కాలిస్తే తుపాకీ చేతిలోనే చీలుతుంది. చప్పుడు తేడాగా వస్తే అక్కడే ఆపాలి. అసలే పేలకపోతే ముక్కును క్షేమమైన దిక్కుకే పట్టి కనీసం అర నిమిషం అలాగే ఉండి, ఆ తర్వాతే తెరవాలి.

తుప్పు పోవడానికి వాడే స్ప్రేను తూటాల మీద కొట్టకూడదు. సన్న సందుల్లోంచి దిగి అడుగున ఉన్న నిప్పుమందును చంపేస్తుంది. పైకి తళతళలాడుతుంది, లోపల చచ్చిపోయి ఉంటుంది. నల్లగొండ ఎండాకాలంలో తూటాలను కారు డ్యాష్‌బోర్డులో వదిలేయడమూ అలాంటిదే. పెట్టె మీద తయారీ ఏడాది చూసి, పాతవి రేంజిలో కాల్చేసి, కొత్తవాటిని ప్లాస్టిక్ డబ్బాలో ఇంట్లో చల్లటి చోట పెట్టుకోండి. ఇంకో తిరకాసు: ".32" అని రాసి ఉన్నంతమాత్రాన అన్నీ ఒకటి కాదు. రివాల్వర్‌కు అంచు ఉన్న పొడుగు తూటా, పిస్టల్‌కు 7.65 పొట్టి తూటా. పొట్టిది రివాల్వర్ గదిలో దూరుతుంది, కొన్నిట్లో పేలుతుంది కూడా. కానీ దాని ఒత్తిడి ఎక్కువ, పాత రివాల్వర్ అందుకు చేసింది కాదు. రెండూ ఉన్న ఇంట్లో డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసి వేరే అరల్లో పెట్టండి.

దసరా నాడు జరిగేది చూద్దాం. తెల్లవారే తుపాకీని పీట మీద పెట్టి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చిలకరిస్తారు. మూడో రోజు దాకా అలాగే దేవుడి గదిలో ఉంటుంది. పూజ చేయొద్దని ఎవరూ అనరు గానీ, పసుపు కుంకుమ తడిపొడిగా హ్యామర్ సందులోకి, సిలిండర్ గాడిలోకి దిగి గట్టిపడితే ట్రిగ్గర్ సగంలో పట్టేస్తుంది. కొబ్బరినీళ్లు తగిలిన చోట ఎర్రటి చుక్కలు తేలతాయి. తూటాలన్నీ తీసి వేరే గదిలో తాళం వేశాకే పూజకు పెట్టండి. కింద పొడిబట్ట పరిచి, బొట్టు పిడి చెక్క మీద మాత్రం పెట్టండి. సాయంత్రానికే తుడిచి పలుచగా తుపాకీ నూనె రాయండి. కొబ్బరినూనె, వంటనూనె రాస్తే నెలల్లో జిగురైపోతుంది. జమ్మికి పోయేటప్పుడు నడుముకు పెట్టుకొని పోయి గాలిలోకి కాల్చడం ముచ్చట కాదు, కేసు. 2019 సవరణలో ఈ సంబరపు కాల్పులకని రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పెట్టారు. 2016 నిబంధనల ప్రకారం బయటికి తీసుకెళ్లే చేతి తుపాకీ ఒరలో, పూర్తిగా కప్పి ఉండాలి. కనిపించేలా ఊపడం కూడా తప్పే.

ఎన్నికల సంగతి నల్లగొండోళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2019లో హుజూర్‌నగర్, 2021లో సాగర్, 2022లో మునుగోడు, మామూలు ఎన్నికలు కాక ఉపఎన్నికలే ఇన్ని. నోటిఫికేషన్ వస్తే తుపాకీ ఠాణాలో అప్పజెప్పమంటారు. ఇచ్చేముందు నూనె రాసి, నూనె పీల్చిన కాగితంలో చుట్టి, ఒరలో కాకుండా విడిగా ఇచ్చి రసీదు మీద నంబరు రాయించుకోండి. గోనె సంచుల్లో వరసగా పేర్చిన చోట వానాకాలం గడిచాక తుపాకీ ఎట్లా వస్తుందో ఊహించుకోవచ్చు. తిరిగి తెచ్చుకున్నాక తుడిచి, ఆడించి, మిస్త్రీకి చూపించకుండా అందులో తూటా వేయకండి.

తపంచా (లైసెన్సు లేని నాటు తుపాకీ) గురించి ఒక్క మాట. "ఇరవై వేలకు బీహార్ మాల్ ఉన్నది" అని చెవిలో ఊదేవాళ్లు తగులుతుంటారు. నీళ్ల పైపుతోనో స్టీరింగు రాడుతోనో చేసిన బ్యారెల్‌కు కొలతా, వేడిపదునూ ఏదీ ఉండదు. ఎదుటివాడి కంటే పట్టుకున్నవాడి చేతికే దాంతో ఎక్కువ ముప్పు. లైసెన్సు లేని ఆయుధం దొరికితే కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. అది నిషేధిత బోరైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. అందులో బేరం ఏమీ లేదు.

ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. అందులో గుర్తుపెట్టుకోవలసింది 37వది. అవసరానికి మించి హాని చేస్తే హక్కు పోతుంది, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు హక్కు లేదు. నగదు సంచి లాక్కొని పారిపోతున్నవాడి వీపు మీద కాల్చిన తూటాకు జవాబు చెప్పడం చాలా కష్టం. అందుకే బంకు వసూలు డబ్బు రోజూ ఒకే వేళకు, ఒకే బండిమీద, ఒకే మనిషి తీసుకుపోకుండా చూసుకోవడం ఏ .32 కంటే ఎక్కువ కాపాడుతుంది. 44వ నంబరు హైవే మీద కర్నూలు దిక్కు పోయేవాళ్లు తమ లైసెన్సు రాష్ట్రం వరకేనా, దేశమంతటికా చూసుకోండి. అలంపూర్ దాటాక వంతెన మీద గుర్తొస్తే లాభం లేదు.

తాగినవాళ్లు ఉన్న ఇంట్లో, చిన్నపిల్లలున్న ఇంట్లో తుపాకీ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో, తాళంచెవులు బీరువా పైన కాకుండా మనిషి దగ్గర ఉండాలి. పరుపు కింద దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. లైసెన్సుదారు కాలం చేస్తే దశదినకర్మలు అయ్యాక చూద్దామని ఆగొద్దు. ఆ రోజు నుంచే ఇంట్లో ఆ తుపాకీని దగ్గర ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. కొడుకో అల్లుడో వెంటనే ఠాణాలోనో లైసెన్సు ఉన్న దుకాణంలోనో జమచేసి రసీదు తీసుకోవాలి. వారసుల్లో ఎవరి పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలో, లేక అమ్మేయాలో ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు.