టేపు డ్రైవ్ డివైస్ ఫైళ్లు: బ్యాకప్ ఎక్కడ దెబ్బతింటుంది, ఎట్లా సరిచేయాలి

సమస్య: రాత్రి మూడు బ్యాకప్ జాబ్‌లూ సక్సెస్ చూపించాయి. రీస్టోర్ చేయబోతే టేపులో చివరిది ఒక్కటే ఉంది.

కారణం: బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి రివైండ్ అయ్యే డివైస్ ఫైలు (సిస్టమ్‌లో డ్రైవ్‌కి ఉండే పేరు) ఇచ్చారు. లినక్స్‌లో /డెవ్/ఎస్‌టీ0 మూయగానే టేపు మొదటికి వెళ్తుంది, తర్వాతి జాబ్ పాత డేటా మీదే రాస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే.

పరిష్కారం: రివైండ్ కాని పేరు ఇవ్వండి. లినక్స్‌లో /డెవ్/ఎన్‌ఎస్‌టీ0, యూనిక్స్ రకాలైన ఏఐఎక్స్‌లో /డెవ్/ఆర్‌ఎంటీ0.1, సోలారిస్‌లో /డెవ్/ఆర్‌ఎంటీ/0సీబీఎన్. ఈ చివరిదాంట్లో సీ కంప్రెషన్‌కి, బీ బీఎస్‌డీ (ఇంకో యూనిక్స్ రకం) పద్ధతికి, ఎన్ రివైండ్ వద్దనడానికి. మార్చాక ఖాళీ టేపు పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చిన పేరుతోనే టార్ (ఫైళ్లను కట్టగా టేపుకు రాసే కమాండ్)తో రెండుసార్లు రాయించి, టేపు ఎక్కడుందో చూపే ‘ఎంటీ -ఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌టీ0 స్టేటస్’ కొట్టండి. ఫైల్ నంబర్ 2 రావాలి. 0 వస్తే టేపు ఇంకా రివైండ్ అవుతున్నట్టే.

సమస్య: కరెంటు పోయి వచ్చాక డ్రైవ్ కనిపించదు. లేదా టేపు లైబ్రరీ (టేపులు స్లాట్లలో ఉంచి, రోబోతో డ్రైవ్‌లలో పెట్టే పెట్టె)లోని రోబో ఒక డ్రైవ్‌లో టేపు పెడితే, సాఫ్ట్‌వేర్ ఇంకో డ్రైవ్ తెరిచి టేపు లేదంటుంది.

వరంగల్, కరీంనగర్ వైపు ఎండాకాలం గాలివానకు కరెంటు గంటల తరబడి పోతే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. కరెంటు రాగానే సర్వర్, లైబ్రరీ ఒకేసారి ఆన్ అవుతాయి. లైబ్రరీ తన స్లాట్లన్నీ చూసుకుని సిద్ధమయ్యేలోపే సర్వర్ డివైస్‌ల కోసం చేసే స్కాన్ ముగించేస్తుంది. పైగా లినక్స్ ఏ డ్రైవ్ ముందు దొరికితే దానికే 0 ఇస్తుంది, అందుకే నంబర్లు తారుమారవుతాయి.

ముందు లైబ్రరీ ఆన్ చేసి, ప్యానెల్‌లో రెడీ వచ్చాకే సర్వర్ ఆన్ చేయండి. సర్వర్ ఇప్పటికే నడుస్తుంటే రీబూట్ అక్కర్లేదు: ‘ఎకో "- - -" > /సిస్/క్లాస్/ఎస్‌సీఎస్‌ఐ_హోస్ట్/హోస్ట్2/స్కాన్’ చాలు. హోస్ట్ నంబర్ టేపు డ్రైవ్ తగిలించిన కార్డుది వేయండి. ఏఐఎక్స్‌లో సీఎఫ్‌జీఎంజీఆర్, సోలారిస్‌లో డెవ్‌ఎఫ్‌ఎస్‌ఏడీఎం -సీ టేప్.

నంబర్ల గోల శాశ్వతంగా పోవాలంటే /డెవ్/టేప్/బై-ఐడీ కింద ఎన్‌ఎస్‌టీతో ముగిసే పేరే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి. అది డ్రైవ్ గుర్తింపు సంఖ్యతో కట్టిన లింకు, కాబట్టి వరస మారినా అది మారదు. లైబ్రరీలో ఒకటో డ్రైవ్ ఏ సీరియల్‌దో ప్యానెల్‌లో చూసి, సాఫ్ట్‌వేర్‌లో అదే ఒకటోదిగా పెట్టాలి. చాలామంది ఈ ఒక్క మెట్టు దాటేస్తారు.

సమస్య: టేపు చదవబోతే ‘కెనాట్ అలొకేట్ మెమరీ’. ర్యామ్ పెంచితే పోయేది కాదు. టేపు మీది బ్లాకు (ఒక్కసారికి రాసే డేటా ముక్క), చదివే ప్రోగ్రామ్ అడిగిన సైజు కంటే పెద్దది. టార్ మామూలుగా 10 కేబీ అడుగుతుంది. 256 కేబీ బ్లాకులతో రాసిన టేపైతే ‘-బీ 512’ (512 బైట్ల ముక్కలు 512) ఇవ్వండి. డ్రైవ్‌ని ‘ఎంటీ సెట్‌బీఎల్‌కే 0’తో వేరియబుల్ మోడ్‌లో (బ్లాకు సైజు ఏదైనా ఒప్పుకునేలా) ఉంచండి.

‘పర్మిషన్ డినైడ్’ వస్తే బ్యాకప్ యూజర్‌ని టేప్ గ్రూపులో చేర్చి, సర్వీస్ రీస్టార్ట్ చేయండి. ‘డివైస్ బిజీ’ అయితే ‘ఫ్యూజర్ -వీ’తో ఎవరు పట్టుకున్నారో చూడండి. అది నడుస్తున్న బ్యాకప్పే అయితే చంపొద్దు, ముగిసేదాకా ఆగండి.