పాత బోటుకి కొత్త పేరు పెట్టడం ఎలా, ఆ తర్వాత అందులో పదిహేను రోజులు ఉండటం ఎలా?

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో సెకండ్ హ్యాండ్ బోటు కొన్నోళ్లు చాలామంది ముందు పెయింటర్‌కి ఫోన్ కొడతారు. అది ఆఖర్న చెయ్యాల్సిన పని అండీ. బోటు పేరు కాగితాల్లో ఉంటుంది, చెక్క మీద ఉంటుంది, పక్క బోట్లోళ్ల నోట్లో ఉంటుంది, ఇదే వరసలో మార్చుకుంటూ రావాలి. తిరగేశారంటే సముద్రం మధ్యలో కోస్ట్ గార్డ్ వాళ్లు ఆపినప్పుడు బోటు మీద ఒక పేరు, చేతిలో ఇంకో పేరు, ఇది దొంగ బోటు కాదు బాబూ అని మీరే చెప్పుకోవాలి.

అసలు పేరు మార్చొచ్చా, అరిష్టం కాదా

ముందు ఇది తేల్చుకోండి, ఇంట్లో పెద్దోళ్లు అడ్డం పడేది ఇక్కడే. పేరు మారిస్తే బోటుకి అచ్చిరాదు అనేవాళ్లు ఘాజీ సంగతి తీస్తారు. 1971 యుద్ధంలో మన వైజాగ్ బయటే మునిగిపోయిన ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్ అంతకుముందు అమెరికా వాళ్లది, అప్పటి పేరు డయాబ్లో. పేరు మార్చారు, మునిగింది, అంతేగా అంటారు. సరే, మరి అది వెతుక్కుంటూ వచ్చింది దేన్ని? మన నేవీ విమానాలు మోసే ఓడ, పాత విక్రాంత్‌ని. ఆ విక్రాంత్ కూడా పేరు మారిన ఓడే, బ్రిటన్‌లో కట్టేటప్పుడు హెర్క్యులెస్, మన నేవీలో 1961 నుంచి 1997 దాకా పనిచేసింది. మన ఇంకో యుద్ధ ఓడ విరాట్ పాత పేరు హెర్మీస్. విక్రమాదిత్యకైతే ఏకంగా రెండు సార్లు మారింది, ముందు బాకూ, తర్వాత అడ్మిరల్ గోర్ష్‌కోవ్. కాబట్టి ఈసారి ఎవరైనా ఘాజీ అంటే మీరు విక్రాంత్ అనండి.

విదేశాల్లో యాట్లు, అంటే షికారు పడవలు నడిపేవాళ్లకి కూడా ఈ భయం ఉంది. సముద్రానికి దేవుడైన నెప్ట్యూన్ దగ్గర పడవల పేర్ల చిట్టా ఒకటి ఉంటుందని, పాత పేరు అందులోంచి కొట్టించకుండా కొత్తది పెడితే ఆయనకి కోపమొస్తుందని వాళ్ల నమ్మకం. అందుకని పాత పేరు రాసిన రేకు ముక్క నీళ్లలో వదిలేసి, వైన్ కొంచెం సముద్రంలో పోసి, నాలుగు దిక్కుల గాలులకీ దణ్ణం పెట్టుకుంటారు. ఇందులో మనకి పనికొచ్చే రూల్ ఒకటుంది, పాత పేరున్న ఆఖరి వస్తువు దిగేదాకా కొత్త పేరున్న వస్తువు ఒక్కటి కూడా బోటు ఎక్కకూడదు. నమ్మినా నమ్మకపోయినా ఇది పాటించండి, ఎందుకో కింద చెప్తా.

కాగితాలు

మత్స్యశాఖ ఆఫీసులో ఓనర్ పేరు మార్పు, బోటు పేరు మార్పు రెండూ ఒకేసారి పెట్టుకోండి, విడివిడిగా తిరిగితే చెప్పులు అరుగుతాయి. రిజిస్ట్రేషన్ ఇప్పుడు రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ సిస్టంలోనే. మన మెకనైజ్డ్ బోట్ల నంబరు ఐఎన్‌డి-ఏపీ-వి5-ఎంఎం అని మొదలవుతుంది కదా, పేరు మారినా ఆ నంబరు మారదు, దాన్ని పెయింట్‌తో అస్సలు కప్పెయ్యొద్దు. పాత ఓనర్‌కి బోటు మీద లోను ఉంటే బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్ రాయించుకున్నాకే డబ్బులు మొత్తం ఇవ్వండి. వేట లైసెన్సు, ఇన్సూరెన్స్, డీజిల్ సబ్సిడీ, అన్నిట్లో ఒకే స్పెల్లింగ్ ఉండాలి. సబ్సిడీ లీటరుకి 9 రూపాయల లెక్కన నెలకి 3000 లీటర్ల దాకా వస్తుంది, అంటే 27,000, ఒక అక్షరం తేడాకి అది ఆగిపోతే ఎవరికి నష్టం?

టైం ఎప్పుడంటే వేట నిషేధమే కరెక్టు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు, బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది, రిపేర్లు, రంగులు అన్నీ అప్పుడే. కానీ నిషేధం మొదట్లో అధికారులు వచ్చి బోటు బోటుకీ కలాసీల, అంటే బోటులో పనిచేసేవాళ్ల పేర్లు రాసుకునేటప్పుడు మీది సగం పాత పేరు, సగం కొత్త పేరుతో ఉండకూడదు, నిషేధం రోజులకి మీ కలాసీలకి ఇచ్చే భృతి దాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే అప్లికేషన్ మార్చిలోనే పెట్టేసుకోండి.

పాత పేరు తియ్యడం

పాత అక్షరాల మీద నేరుగా కొత్త రంగు వేస్తే కొట్టిన రోజు బాగానే కనపడుతుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూడండి, కొత్త పేరు కింద పాత పేరు ఉబ్బెత్తుగా లేచి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి కోటింగ్ మీద కోటింగ్ పడి అక్షరాలు మందం కట్టేస్తాయి మరి. స్క్రేపర్‌తో గీకి, ఎమెరీ పేపర్ పట్టి, పుట్టీ పెట్టి, ఆరాక మళ్లీ ఎమెరీ, తర్వాత ప్రైమర్, ఆ తర్వాతే ఎనామిల్. అణియం (ముందు భాగం) రెండు పక్కలా, అమరం (వెనక భాగం) మీద, వీల్‌హౌస్ (బోటు నడిపే గది) మీద.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. లైఫ్ బాయ్‌లు (నీళ్లలో పడినవాళ్లు పట్టుకునే తేలే చక్రాలు), లైఫ్ జాకెట్లు, చేపల ట్రేలు, టార్పాలిన్, నీళ్ల డ్రమ్ము, అన్నిటి మీదా పాత పేరే ఉంటుంది. ఇందాక చెప్పిన రూల్ ఇక్కడే పనికొస్తుంది. రేపు పాత పేరున్న లైఫ్ బాయ్ గాలికి కొట్టుకుపోయి ఎవరికో దొరికిందనుకోండి, వాళ్లు లేని బోటు కోసం వెతుకుతారు, మీ బోటు గురించి ఎవరికీ తట్టదు. బోటు ఎక్కడుందో సిగ్నల్ పంపే ట్రాన్స్‌పాండర్ ఉంటే అందులో ఫీడ్ చేసిన పేరు కూడా మార్పించండి, ఆపదలో నొక్కే డిస్ట్రెస్ అలర్ట్ పరికరం ఉంటే దాని రికార్డులో ఓనర్ ఫోన్ నంబరు మార్పించడం ఇంకా ముఖ్యం, లేకపోతే మీరు నడిసముద్రంలో బటన్ నొక్కితే ఫోన్ మోగేది పాత ఓనర్ ఇంట్లో.

ఏ పేరు పెట్టాలి

నూకాలమ్మ, పైడితల్లి, కనకమహాలక్ష్మి, దుర్గా భవాని, లేదంటే అమ్మ పేరో కూతురి పేరో. ఏదైనా మంచిదే, కానీ ఒకసారి గట్టిగా అరిచి చూడండి. వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో గాలి హోరులో, ఇంజిన్ మోతలో పలికేది ఆ పేరే. దుర్గా భవాని అంటే నలుగురు పలుకుతారు, కాబట్టి పక్కన ఒక అంకెయినా తగిలించండి. న్యూమరాలజీ కోసం స్పెల్లింగ్‌లో అదనపు అక్షరాలు ఇరికించొద్దు, కాగితాల దగ్గర ఏడిపిస్తాయి.

పూజ సంగతి మీకు తెలిసిందే, అణియానికి పసుపు రాసి బొట్లు పెట్టి బంతిపూల దండ వేసి, గంగమ్మ తల్లికి చీర, గాజులు, పసుపు కుంకుమ సమర్పించి, కొబ్బరికాయ. ఆ కాయ ఇంటి ఆడపడుచు చేత కొట్టిస్తే బావుంటుంది, నేవీ ఓడలకి కూడా పేరు పెట్టేది ఆడవాళ్లేగా. దిష్టి గుమ్మడికాయ మాత్రం డెక్ మీద కొట్టకండి, ఆ గుజ్జు మీద జారి కాలు విరిగితే అదో కొత్త దిష్టి.

ఇక అందులో ఉండటం

ఏడెనిమిది మంది, ఒక చిన్న క్యాబిన్, చుట్టూ నీళ్లు. అన్నిటికన్నా ముందు గ్యాస్ బండ. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే పైకి పోదు, కిందకి దిగి బోటు అడుగున, ఇంజిన్ దగ్గర కూర్చుంటుంది, తర్వాత ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని బండ ఎప్పుడూ డెక్ మీద, గాలి తగిలే చోట, నిలబెట్టి తాడుతో కట్టాలి. 2023 నవంబర్ 19 రాత్రి మన హార్బర్‌లో దాదాపు 40 బోట్లు తగలబడటం అందరూ చూశారు, ఒకదానికొకటి ఆనించి కట్టిన బోట్లలో డీజిలూ గ్యాసూ ఉంటే మంట ఆగేదెక్కడ. జెట్టీలో కట్టినప్పుడు కూడా రాత్రి ఒక మనిషి మెలకువగా ఉండాలి, సిగరెట్ బోటు మీద వద్దు.

రెండోది చేపలు దాచే ఐస్ గది. చేపలు కుళ్లిన గదిలో గాలి విషం అవుతుంది, వాసన కూడా కాసేపటికి ముక్కుకి తెలియదు. మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషిని నిలబెట్టి, నడుముకి తాడు కట్టుకుని దిగాలి. లోపల ఒకడు పడిపోతే లాగడానికి ఇంకొకడు గబుక్కున దిగడం, ప్రాణాలు పోయేది అలాగే.

నీళ్లు రెండు మూడు డ్రమ్ముల్లో విడివిడిగా పెట్టుకోండి, ఒకటి చెడినా కారినా మిగతావి ఉంటాయి. గిన్నెలకి, స్నానానికి సముద్రం నీళ్లు, ఆఖర్న ఒక చెంబు మంచినీళ్లు, ఉప్పు ఒంటి మీద ఆరిపోతే పుళ్లు పడతాయి. చాలా బోట్లలో బాత్రూం ఉండదు, అమరం దగ్గర వెళ్లేటప్పుడు ఒక చెయ్యి తాడు మీదే, రాత్రయితే ఇంకొకర్ని లేపి చెప్పి వెళ్లాలి, సిగ్గుపడితే కుదరదు. కోస్ట్ గార్డ్ నంబరు 1554 వీల్‌హౌస్‌లో పెద్దగా రాసిపెట్టండి, సిగ్నల్ పోయాక రేడియోనే దిక్కు కాబట్టి అది బోటు నడిపే సరంగు ఒక్కడికే కాదు, ప్రతి కలాసీకి వాడటం రావాలి. అక్టోబర్, నవంబర్‌లలో వెదర్ రిపోర్టు వినకుండా తాడు విప్పొద్దు, హుద్‌హుద్ తుపాను వచ్చింది అక్టోబర్ 12నే.

వాచ్‌లు, అంటే మెలకువగా కాపలా ఉండటం, వంతులు వేసుకోండి గానీ వంట చేసేవాడికి అర్ధరాత్రి వాచ్ వెయ్యకండి, తెల్లారి నిద్రమత్తులో వాడు చారులో ఉప్పు రెండు సార్లు వేస్తే తాగాల్సింది మీరే.