మొదటి స్ప్రింట్ నడపడం ఎలా?

సాఫ్ట్‌వేర్‌ని చిన్న ముక్కలుగా చేసి చూపుతూ పోయే పద్ధతి ఎజైల్. రెండు వారాలు గడిచాక ఎవరైనా తెరిచి వాడి చూడగలిగే ముక్క ఒకటి చేతికొస్తే, అది ఎజైల్. అది రాకపోతే జిరా అనే టూల్‌లో పనుల బోర్డు పెట్టినా, రోజూ స్టాండప్ (నిలబడి జరిపే చిన్న మీటింగ్) జరిపినా పాత పద్ధతికి కొత్త పేర్లు తగిలించినట్టే. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం స్నోబర్డ్‌లో 17 మంది కలిసి తెచ్చిన ఎజైల్ మేనిఫెస్టోలో మీటింగుల ఊసే ఉండదు. ఉన్నవి 4 విలువలు, వాటి వెనక 12 సూత్రాలు. స్ప్రింట్ (పనికి పెట్టుకునే చిన్న గడువు, ఇక్కడ రెండు వారాలు), ప్రొడక్ట్ ఓనర్ లాంటి మాటలు స్క్రమ్‌వి, అది ఎజైల్‌లో ఒక పద్ధతి. ఆ పద్ధతిని కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లోనే బయటపెట్టారు.

ఉదాహరణకి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వసూలు చేసే యాప్ తీసుకుందాం. ముగ్గురు డెవలపర్లు, ఒక టెస్టర్, ఒక ప్రొడక్ట్ ఓనర్.

1. బ్యాక్‌లాగ్ రాయండి

చేయాల్సిన పనుల వరుస జాబితానే బ్యాక్‌లాగ్. అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఒకటి ముందు కావాలి, ట్రెజరర్‌కి ఇంకొకటి. ఏది ముందో తేల్చే మాట ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరిదే అయి ఉండాలి. వరుసలో పైనున్న పది పనులు వివరంగా రాస్తే చాలు, కిందివాటికి ఒక్కో వాక్యం సరిపోతుంది. ఆరు నెలల తరవాతి పనికి ఇవాళ నాలుగు పేజీలు రాస్తే అవి ఎలాగూ మళ్ళీ రాయాల్సిందే.

జాబితాలోని ఒక్కో పనినీ స్టోరీ అంటారు. అందులో ఎవరికి, ఏం, ఎందుకు అనే మూడూ ఉండాలి: "ఫ్లాట్ యజమానిగా, ఈ నెల ఎంత కట్టాలో ఫోన్‌లోనే చూసుకోవాలి, వాచ్‌మన్‌ని అడిగే పని లేకుండా." దాని కింద టెస్టర్ సరిచూడగల షరతులు రాయండి. పాత బాకీ విడిగా కనిపించాలి. కట్టేసిన నెలకి సున్నా చూపాలి. పక్క ఫ్లాట్ లెక్క కనిపించకూడదు.

2. నిలువుగా కోయండి

అసలు కష్టం ఇక్కడే. "మెయింటెనెన్స్ కట్టడం" ఒక్క స్ప్రింట్‌లో పట్టదు. కొత్త టీములు దాన్ని అడ్డంగా కోస్తాయి: ఈ స్ప్రింట్‌లో డేటాబేస్ టేబుళ్ళు, వచ్చేదాంట్లో ఏపీఐలు (స్క్రీన్‌నీ డేటాబేస్‌నీ కలిపే కోడ్), ఆపైన స్క్రీన్లు. ఆరు వారాల దాకా చూపించడానికి ఏమీ ఉండదు. అన్నీ అతికించే రోజున తప్పులన్నీ ఒకేసారి మీద పడతాయి.

పైనున్న స్క్రీన్ నుంచి అడుగునున్న టేబుల్ దాకా ప్రతి పొరలోంచీ సన్నటి ముక్క తీయాలి:

- బాకీల్లేని ఫ్లాట్‌కి కట్టాల్సిన మొత్తం చూపడం
- నగదు అందినట్టు ట్రెజరర్ నమోదు చేయడం
- యూపీఐతో కట్టడం
- రసీదు, ఆలస్య రుసుము

మొదటి రెండూ అయితే చాలు, నగదు వసూళ్ళకి నోటుపుస్తకం అక్కర్లేదు. యూపీఐ మూడోది ఎందుకంటే పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సేవ) అనుమతులు బయటినుంచి రావాలి, ఆ ఆలస్యం మీ చేతిలో ఉండదు. దరఖాస్తు మాత్రం మొదటిరోజే పెట్టండి. ఒక ముక్క ఇద్దరికి మూడు రోజుల్లో తెమలదనిపిస్తే ఇంకా కోయండి.

3. "అయిపోయింది" అంటే ఏమిటో రాసుకోండి

కోడ్ రివ్యూ (రాసిన కోడ్‌ని ఇంకొకరు చదివి చూడటం) జరిగింది, ఆటోమేటెడ్ టెస్టులు పాసయ్యాయి, టెస్ట్ సర్వర్‌లో టెస్టర్ చూశారు, ప్రొడక్ట్ ఓనర్ సరేనన్నారు. ఈ నాలుగూ బోర్డు పైన అంటించండి. "తొంభై శాతం అయింది" అంటే లెక్కలో సున్నా.

4. ప్లానింగ్

ఈ స్ప్రింట్‌లో ఏ పనులు చేయాలో తేల్చే మీటింగ్ ఇది. నెల స్ప్రింట్‌కి స్క్రమ్ గైడ్ పెట్టిన పరిమితి 8 గంటలు, రెండు వారాలకి 4 గంటలు దాటకండి. ముందు ఎన్ని రోజులు చేతిలో ఉన్నాయో లెక్కేయండి. నలుగురికి 10 రోజులంటే 40. మీటింగులకి తలా ఒక రోజు తీస్తే 36. ఒకరు సంక్రాంతికి రెండు రోజులు ఊరెళ్తే 34. ప్రొడక్షన్ బగ్గులకి (వాడుకలో బయటపడే తప్పులకి) ఐదో వంతు పక్కనపెడితే మిగిలేది దాదాపు 27. 40 రోజులకి పని ఒప్పుకునే టీములు రెండో వారం రాత్రిళ్ళు కూర్చుంటాయి.

ఒక్కో పని ఎంత పెద్దదో పాయింట్లలో అంచనా వేస్తారు. దానికి 1, 2, 3, 5, 8, 13 కార్డులు అందరూ ఒకేసారి చూపాలి. సీనియర్ ముందు నోరు విప్పితే మిగతావాళ్ళు అదే అంకె చెబుతారు. ఒకరు 2, ఇంకొకరు 8 అంటే సగటు తీయొద్దు, వాళ్ళిద్దర్నే మాట్లాడనివ్వండి. 8 అన్నవాళ్ళకి రీఫండ్ సంగతి గుర్తొచ్చి ఉంటుంది. 13 వస్తే మళ్ళీ కోతకే.

5. రోజూ 15 నిమిషాలు

మేనేజర్‌కి హాజరు చెప్పుకోవడం స్టాండప్ కాదు. బోర్డుని కుడినుంచి ఎడమకి చదవండి, ముగింపుకి దగ్గరగా ఉన్న పని ముందు తెమలాలి. "చేస్తున్నాం" గడిలో 3, "టెస్టింగ్"లో 2 కంటే ఎక్కువ ఉండనివ్వద్దు. టెస్టింగ్ నిండితే డెవలపర్ కొత్త స్టోరీ ఎత్తుకోకుండా టెస్టింగ్‌లో చెయ్యేయాలి. ఈ హద్దు లేకపోతే పనులన్నీ తొమ్మిదో రోజు ఒక్క టెస్టర్ నెత్తిన పడతాయి, సగం వచ్చే స్ప్రింట్‌లోకి జారతాయి.

హైదరాబాద్ నుంచి అమెరికా క్లయింట్‌తో కలిసి చేసేవాళ్ళకి ఒక మాట. నవంబరులో అక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి న్యూయార్క్‌లో ఉదయం 11 మీటింగ్ మనకి రాత్రి 8:30 నుంచి 9:30కి మారుతుంది. సమయం ముందే తేల్చుకోండి.

6. రివ్యూ, రెట్రో

స్ప్రింట్ చివర చేసింది చూపే రివ్యూకి 2 గంటలు మించొద్దు. స్లైడ్లు వద్దు, ట్రెజరర్ చేతికి ఫోన్ ఇచ్చి ఊరుకోండి. ఎక్కడ వేలు ఆగిందో చూడండి. రెట్రోలో (టీమ్ తన పనితీరుని వెనక్కి చూసుకునే మీటింగ్‌లో) పదిహేను ఫిర్యాదులు వస్తాయి. ఒక్కటి ఎంచుకుని, పేరూ గడువూ పెట్టి, వచ్చే స్ప్రింట్ బోర్డులోనే స్టోరీగా వేయండి. నోట్సులో మిగిలినవి ఎవరూ చేయరు.

7. వెలాసిటీ

ఒక్కో స్ప్రింట్‌లో టీమ్ ముగించే పాయింట్లే వెలాసిటీ. మొదటి స్ప్రింట్‌కి లెక్కలుండవు, అందుకని తక్కువే ఒప్పుకోండి. మూడు స్ప్రింట్లలో 14, 19, 16 పాయింట్లు అయ్యాయనుకోండి, సగటు దాదాపు 16. ఇంకా 80 పాయింట్లుంటే 16 చొప్పున 5 స్ప్రింట్లు, 14 చొప్పున 6. క్లయింట్‌కి "10 నుంచి 12 వారాలు" అని చెప్పండి, ఒక్క తేదీ చెప్పొద్దు. ఈ అంకెతో పక్క టీమ్‌ని పోల్చడం మొదలైతే నిన్నటి 3 పాయింట్ల పనికి రేపు 5 పడుతుంది. అప్పుడు వెలాసిటీ పెరుగుతుంది, యాప్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.