ముసురు వదిలాక మందాకులు కోసే ముందు

వాయుగుండం తీరం దాటాక శ్రీకాకుళం, విజయనగరం పెరళ్లలో తులసి, అడ్డసరం ఏపుగా ఉంటాయి. కత్తెర పట్టే ముందు ఇవి చూసుకోండి.

– వాన వెలిశాక ఒక రోజు ఆగి, మంచు తడి ఆరాకే కోయాలి. తడాకు కుప్పేస్తే వేడెక్కి నల్లబడుతుంది.

– పక్క చేలో ఈమధ్య పురుగుమందు కొట్టారా? కోత వద్దు.

– నీడలో, గుడ్డ మీద పలచగా, ఫ్యాను గాలికి ఆరాలి. కాడ పుటుక్కున విరిగితేనే సీసాకెక్కించండి. వంగితే లోపల తడి ఉన్నట్టే. 3 రోజులయ్యాక సీసా గోడకి చెమ్మ కనిపిస్తే మళ్లీ ఆరబెట్టండి. బూజు వాసనొస్తే మాత్రం మొహమాటపడకుండా పారేయడమే.

– వాము ఆకు దళసరి. ఎండబెట్టడం దండగ, పచ్చిదే వాడండి. కుండీ అడుగు చిల్లు పూడితే వేరు కుళ్లుతుంది.

– గర్భిణులకు అడ్డసరం కషాయం ఇవ్వొద్దు. జ్వరమైతే కషాయం కన్నా ముందు మలేరియా, డెంగీ రక్తపరీక్ష.