ఇటలీ ట్రిప్: రైలూ అద్దె కారూ కలిపితే ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

ఇటలీ వెళ్ళొచ్చినోళ్ళని అందరూ ఏ ఊరు బాగుందనే అడుగుతారు. ఊళ్ళన్నీ బాగానే ఉంటాయండీ, తేడా కొట్టేదల్లా రైలు దిగి కారు తీసుకునే చోట, మళ్ళీ కారు అప్పజెప్పి రైలెక్కే చోట. మేం నలుగురం, నేనూ మా ఆవిడా అక్కా బావా, రోమ్‌లో దిగి ఫ్లోరెన్స్, అక్కణ్ణుంచి కారులో టస్కనీ పల్లెలు, ఆఖర్న వెనిస్ చూసుకుని వచ్చాం. మాకు తగిలినవీ, ముందే తెలుసుకుని తప్పించుకున్నవీ కలిపి రాస్తున్నా.

సమస్య: మ్యాప్‌లో అన్నీ దగ్గరే, ప్లాన్‌లో మాత్రం రోజులు చాలట్లేదు

రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి ఫాస్ట్ రైలు గంటన్నర అని చూసి పొద్దున ఇదీ సాయంత్రం అదీ అని వేసేస్తాం. ఆ గంటన్నరకి ముందు హోటల్ ఖాళీ చేయాలి, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ టెర్మినీ స్టేషన్‌కి పోవాలి, దిగాక కొత్త రూమ్ ఏ రెండింటికో మూడింటికో గానీ ఇవ్వరు, అంటే ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు హుష్‌కాకి. పైగా రిటర్న్ ఫ్లైట్ కూడా రోమ్ నుంచే తీసుకుంటే ఆఖర్న మళ్ళీ వెనక్కి రావడానికి ఇంకో రోజు.

అందుకని ఫ్లైట్ వెతికేటప్పుడు రౌండ్ ట్రిప్ బదులు మల్టీ సిటీ పెట్టి హైదరాబాద్ టు రోమ్, వెనిస్ టు హైదరాబాద్ చూడండి, రేటు కాస్త ఎక్కువున్నా మిగిలే రోజు ముందు అది లెక్క కాదు. పది రాత్రులకి మూడు నాలుగు చోట్ల దిగితే చాలు. స్విట్జర్లాండ్ కూడా కలుపుదాం అనుకుంటే రాత్రులు లెక్కపెట్టుకోండి, షెంగెన్ వీసాకి (ఇటలీ, స్విట్జర్లాండ్ లాంటి యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చేయాలి, సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి.

సమస్య: డబ్బు కట్టి బుక్ చేసినా కౌంటర్లో కారు ఇవ్వనన్నారు

దీని గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన తెలుగోళ్ళకి ఇది స్పెషల్‌గా తగిలే దెబ్బ. మన పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటది, లైసెన్స్ మీద ఒక్క అక్షరం ఇనీషియల్ ఉంటది, క్రెడిట్ కార్డ్ మీద మూడు ఇనీషియల్సూ చివర పేరూ ఉంటాయి. మనకి ముగ్గురూ ఒకడే, కౌంటర్లో కూర్చున్నాయనకి మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు. మా విషయంలో ఇంకో మెలిక కూడా పడింది, నడిపేది బావ, బుకింగ్ చేసింది నా కార్డుతో. డిపాజిట్, అంటే కారుకి హామీగా కార్డు మీద పక్కన పెట్టే మొత్తం, బ్లాక్ చేయాలంటే మెయిన్ డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలన్నారు. పోనీ నేనే డ్రైవర్ అంటే నాకు ఇంటర్నేషనల్ పర్మిట్ లేదు. బావ దగ్గర ఇంకో కార్డుంది గానీ దానికి విదేశీ ట్రాన్సాక్షన్లు ఆఫ్‌లో ఉన్నాయి, అది ఆన్ చేయాలంటే బ్యాంకు యాప్ ఓటీపీ అడుగుతోంది, ఓటీపీ వచ్చే సిమ్ములో రోమింగ్ లేదు. ఆ ఆఫీసు ముందు సూట్‌కేసుల మీద కూర్చుని రెండు గంటలు, అక్క మొహం చూడలేకపోయాం అనుకోండి.

బయల్దేరే ముందే చేసుకోవాల్సింది ఏంటంటే, ఎవరు నడుపుతారో వాళ్ళ పేరు మీదే బుకింగ్, వాళ్ళ పేరు మీదే క్రెడిట్ కార్డ్, డెబిట్ కార్డ్‌ని చాలా చోట్ల ముట్టుకోరు. మూడు చోట్లా పేరు కలవకపోతే కార్డ్ మీద పేరు మార్పించుకోవడం అన్నిటికన్నా తేలిక, బ్యాంకుకి రిక్వెస్ట్ పెడితే అయిపోద్ది. కార్డులో ఇంటర్నేషనల్ ఇక్కడుండగానే ఆన్ చేయండి, పిన్ గుర్తుంచుకోండి, లిమిట్‌లో డిపాజిట్‌కి సరిపడా ఖాళీ ఉంచండి. అది కోత కాదు, బ్లాక్ మాత్రమే, కారు తిరిగిచ్చాక వదుల్తారు, కాకపోతే కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు అదే కార్డు మీద షాపింగ్ లెక్కలు వేసుకోకండి.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఓ ఇస్తుంది, పరివాహన్ సైట్లో అప్లై చేయొచ్చు, ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది పనిచేస్తుంది. దాంతో పాటు ఒరిజినల్ లైసెన్స్ కూడా చేతిలో ఉండాలి. ఇక్కడ ట్రాఫిక్ పోలీసుకి డిజీలాకర్ చూపిస్తే సరిపోద్ది, అక్కడ కార్డే అడుగుతారు. ఇక కౌంటర్లో అంటగట్టే ఎక్స్‌ట్రా ఇన్సూరెన్స్ సంగతి: ముందే ఆన్‌లైన్లో వేరే కంపెనీ దగ్గర అదనపు ఇన్సూరెన్స్ కొనుక్కున్నా డిపాజిట్ మాత్రం తప్పదు, ఆ ఇన్సూరెన్స్ డ్యామేజీ డబ్బు ముందు మీరు కడితే తర్వాత మీకు తిరిగిచ్చే రకం.

సమస్య: ఆఫీసుకి వెళ్తే షట్టర్ వేసుంది

కారు కంపెనీలకి ఊళ్ళో ఉండే చిన్న బ్రాంచీలు మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు, ఆదివారం చాలావరకు తెరవరు. బుక్ చేసేముందు ఆ బ్రాంచ్ టైమింగ్స్ చూడండి, లేదా ఎయిర్‌పోర్ట్ బ్రాంచ్ పెట్టుకోండి. ఫ్లోరెన్స్‌లో అయితే టీ2 ట్రామ్ ఎక్కితే స్టేషన్ దగ్గర్నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ఇరవై నిమిషాలు, ఊళ్ళో ఇరుకు సందుల్లో కారు తిప్పే పని కూడా తప్పుతుంది. అది ఎందుకంత ముఖ్యమో కింద చదవండి.

సమస్య: ఇంటికొచ్చిన కొన్ని నెలలకి కార్డులో యూరోలు కట్

ఇది జెడ్‌టీఎల్ దెబ్బ. అంటే పాత ఊరి నడిబొడ్డున బయటి బళ్ళు రాకుండా పెట్టిన ఏరియా, ఫ్లోరెన్స్, సియెనా, పీసా, రోమ్ అన్నిట్లో ఉంది. గేటూ ఉండదు, పోలీసూ ఉండడు, తెల్లగా గుండ్రంగా చుట్టూ ఎర్ర అంచున్న బోర్డూ, పైన కెమెరా, అంతే. గూగుల్ మ్యాప్స్ హాయిగా అందులోంచే తీసుకెళ్ళిపోతుంది. ఇంకో మోసం ఏంటంటే లైట్ల బోర్డు మీద 'వార్కో ఆత్తివో' అని వస్తే మనం యాక్టివ్ అంటే ఓపెన్ కాబోలు అనుకుంటాం, దానర్థం కెమెరా పనిచేస్తోంది, లోపలికి రాకు అని. 'నోన్ ఆత్తివో' అని ఉంటేనే వెళ్ళొచ్చు.

ముందు కట్ అయ్యేది ఫైన్ కాదు, మీ అడ్రస్ పోలీసులకి ఇచ్చినందుకు కారు కంపెనీ తీసుకునే ఫీజు. అసలు ఫైన్ తర్వాత పోస్టులో వస్తుంది, విదేశీయులకి నోటీసు పంపడానికి వాళ్ళకి 360 రోజుల టైముంది. నోటీసు అందిన ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది.

హోటల్ ఆ ఏరియా లోపలే ఉంటే ముందే మెయిల్ పెట్టి కారు నంబర్ రిజిస్టర్ చేయిస్తారేమో అడగండి, చాలామంది చేయిస్తారు. దానికన్నా మంచి పద్ధతి, పెద్ద ఊళ్ళలో ఉన్నన్ని రోజులూ అసలు కారే తీసుకోకపోవడం. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్‌కి రైలు, పియెంజా, మోంటెపుల్చానో లాంటి బస్సులు అంతంతమాత్రంగా తిరిగే కొండ పల్లెలకి మాత్రం కారు, మేం మూడు రోజులే తీసుకున్నాం, ఇంకా ఒక రోజు తగ్గించినా ఏం పోయేది కాదు. పార్కింగ్‌లో తెల్ల గీతలు ఫ్రీ, నీలం గీతలకి డబ్బు, పసుపు గీతలు మనవి కావు.

సమస్య: చేతిలో టికెట్ ఉంది, అయినా రైల్లో ఫైన్ వేశారు

ఫ్రెచ్చారోస్సా, ఇటాలో లాంటి ఫాస్ట్ రైళ్ళకి టికెట్‌తోనే సీటూ టైమూ ఫిక్స్, దానితో గొడవ లేదు. రీజినల్ రైలు పేపర్ టికెట్‌కి మాత్రం ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరుండే చిన్న మెషీన్లో పెట్టి స్టాంప్ కొట్టించుకోవాలి, ఫోన్లో కొన్నదైతే ఎక్కేముందు చెక్ ఇన్ నొక్కాలి. మన దగ్గర జనరల్ టికెట్ కొని ఎక్కేయడం అలవాటు కదా, అక్కడ స్టాంప్ లేని టికెట్ టికెట్ కిందే లెక్క కాదు.

సమస్య: వెనిస్ అన్నారు, దిగితే కాలవల్లేవు

మెస్త్రేలో దిగారన్నమాట. కాలవలుండే వెనిస్‌కి సాంతా లూచియా స్టేషన్. కారుతో వెళ్ళేవాళ్ళకి పియాజాలే రోమా దగ్గరే రోడ్డు ఆఖరు, అక్కణ్ణుంచి నడకో పడవో. కారు ఒకచోట తీసుకుని వేరే ఊళ్ళో ఇస్తే వన్ వే చార్జీ గట్టిగానే ఉంటుంది, అందుకే మేం ఫ్లోరెన్స్‌లోనే తిరిగిచ్చేసి రైల్లో వెళ్ళాం. పెట్టెలు చిన్నవి తీసుకెళ్ళండి, అక్కడ ప్రతి వంతెనకీ మెట్లే.

సమస్య: ఇండికేటర్ వేస్తే వైపర్ తిరుగుతోంది

నవ్వకండి, మొదటి రోజు అందరికీ ఇదే. స్టీరింగ్ ఎడమ పక్క, నడపడం కుడి పక్క, ఇండికేటర్ కూడా మన కార్లకి రివర్స్. దీనికి తోడు అక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల బండి, కుడిచేత్తో గేరు మార్చాలి. ఆటోమేటిక్ కావాలంటే బాగా ముందే బుక్ చేయాలి. రౌండబౌట్లో లోపల తిరుగుతున్న బండిదే హక్కు, ఎడమవైపు చూసి ఆగండి. టోల్ దగ్గర టెలిపాస్ అని పసుపు రంగులో ఉన్న లైన్లోకి వెళ్ళొద్దు, అది మన ఫాస్టాగ్ లాంటిది. టోల్ రోడ్డు ఎక్కేచోట ఇచ్చే టికెట్ జాగ్రత్తగా దాచుకుని దిగేచోట కార్డో క్యాషో బొమ్మ ఉన్న లైన్లో కట్టండి. పెట్రోల్ అంటే 'బెంజీనా'. 'గసోలియో' అని చూసి గ్యాసోలిన్ కదా అని కొట్టిస్తే డీజిలే పడుద్ది.

సమస్య: బోర్డు మీద అన్ని రైళ్ళూ క్యాన్సిల్

'షోపెరో' అంటే సమ్మె, ఇటలీలో మామూలే, కానీ తేదీ ముందే చెప్తారు. ఆ తేదీలు వెతుక్కుని చూసుకోండి. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రీజినల్ రైళ్ళు గ్యారంటీగా నడుపుతారు. రెండు రైళ్ళు విడివిడిగా బుక్ చేసుకుంటే మొదటిది లేటై రెండోది పోయినా ఎవరూ బాధ్యత పడరు, మధ్యలో గంటైనా వదలండి. రిటర్న్ ఫ్లైట్ ఉన్న రోజు మాత్రం పొద్దున వేరే ఊరి నుంచి రైల్లో వచ్చే ప్లాన్ అస్సలు పెట్టుకోవద్దు, ముందురోజు రాత్రికే ఫ్లైట్ ఎక్కే ఊరు చేరిపోండి.