ఏఎంసీ ఉంది, అయినా సిస్టమ్ ఆగుతూనే ఉందా?

చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్ల బాగోగులు బయటివాళ్లకు ఇవ్వడం మామూలే. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) రాసుకుంటారు. ఏదైనా ఆగితే ఫోన్ చేస్తారు, కుర్రాడు వచ్చి చూసి వెళ్తాడు. అలా వెళ్లేవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి లోగుట్టు కొంత తెలుసు.

సమస్య: పొద్దున్నే టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) తెరుచుకోదు, ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. సరిచేసిన రెండు వారాలకు మళ్లీ అదే. (జీఎస్టీ 3బీ రిటర్న్ వేయాల్సిన 20వ తేదీనే జరగడం మన ఖర్మ.)

కారణం: చాలాసార్లు కరెంటు పోయి వచ్చాక రౌటర్ టాలీ డేటా ఉండే మెయిన్ సిస్టమ్‌కో, ప్రింటర్‌కో కొత్త ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) ఇచ్చేస్తుంది. మిగతా సిస్టమ్‌లలో పాత నంబరే రాసి ఉంటుంది. మెయిన్ సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig అని కొట్టండి. నిన్నటి 192.168.1.5 ఇవాళ 192.168.1.9 అయితే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: మెయిన్ సిస్టమ్‌కు, ప్రింటర్‌కు రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చే సెట్టింగ్) పెట్టించండి. పెద్ద పనేం కాదు. ఆఫీసులో ఒక విజిట్ బుక్ కూడా పెట్టండి. ఏం ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చేశారు అన్నవి అందులో రాయాలి. ఉత్తినే "రీస్టార్ట్ చేశాం" అని రాస్తే సంతకం పెట్టకండి.

సమస్య: "బ్యాకప్ రోజూ అవుతోంది సార్" అంటారు. అవసరం పడ్డ రోజు డేటా ఉండదు.

కారణం: ఎవరూ తెరిచి చూడరు. ఒక ఆఫీసులో నేను తెరిస్తే ఆఖరి బిల్లు నాలుగు నెలల కిందటిది. డేటాను డి డ్రైవులోకి మార్చారు, బ్యాకప్ మాత్రం పాత ఫోల్డర్‌నే రోజూ శ్రద్ధగా కాపీ చేస్తోంది! ఇంకోచోట డిస్కు ఎప్పుడూ అదే సిస్టమ్‌కు తగిలించి ఉండేది. ఆడిటర్ గారు ఇంటి నుంచి చూసుకోవడానికని రౌటర్‌లో 3389 పోర్టు (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ దారి) తెరిచి వదిలేశారు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) లోపలికొచ్చి డేటాతో పాటు బ్యాకప్‌కూ తాళం వేసేసింది.

పరిష్కారం: ఆ పోర్టు మూయించి, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టించండి. రెండు డిస్కులు మార్చి మార్చి వాడండి, కాపీ అవగానే ఊడదీయండి, ఒకటి ఇంట్లో ఉంచండి. నెలకోసారి ఆ కాపీని వేరే సిస్టమ్‌లో మీ ఎదుటే రీస్టోర్ చేయించి, నిన్నటి బిల్లు చూపించమనండి.

సమస్య: ఇంకా విండోస్ 10 మీదే నడుస్తోంది.

కారణం: దానికి మామూలుగా వచ్చే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మీకు చెప్పినవాళ్లు లేరు.

పరిష్కారం: ఏ సిస్టమ్ విండోస్ 11కు పనికొస్తుందో లిస్టు అడగండి.

సమస్య: వెండర్‌ను మార్చాలంటే పాస్‌వర్డులు ఇవ్వరు.

కారణం: డొమైన్ (మీ వెబ్‌సైట్ పేరు) వాళ్ల మెయిల్ ఐడీతో కొన్నారు, అడ్మిన్ లాగిన్ వాళ్ల దగ్గరే ఉంది.

పరిష్కారం: సంబంధాలు బాగున్నప్పుడే అడగండి, గొడవయ్యాక కష్టం. డొమైన్ ఖాతాకు యజమాని మెయిల్, ఓటీపీకి యజమాని ఫోన్ ఉండాలి. పాస్‌వర్డులన్నీ కాగితం మీద రాయించి కవర్లో పెట్టి బీరువాలో దాచండి. వెండర్ మారిన రోజే వాటన్నిటినీ మార్చేయండి. పాతవాళ్లు పెట్టిన ఎనీడెస్క్ (దూరం నుంచి సిస్టమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఏ సిస్టమ్‌లో మిగిలిందో కూడా వెతకండి. తరచూ అది రిసెప్షన్ కంప్యూటర్లోనే ఉంటుంది.