కేంబ్రిడ్జ్ చైనా చరిత్ర సంపుటాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

ఇంగ్లీషులో పలు సంపుటాలుగా వచ్చిన కేంబ్రిడ్జ్ హిస్టరీ ఆఫ్ చైనాను మొదటి సంపుటం మొదటి పేజీ నుంచి వరసగా చదువుదామని కూర్చోకండి. అది అలా చదవడానికి రాసింది కాదు. చరిత్రకారులు డెనిస్ ట్విచెట్, జాన్ ఫెయిర్‌బ్యాంక్ 1960లలో తలపెట్టిన ఈ పనిలో ఒక్కో అధ్యాయం ఒక్కో నిపుణుడిది. అచ్చయింది కూడా వరసలో కాదు. ముందు వచ్చింది పదో సంపుటం, 1978లో. మొదటిది 1986లో వస్తే, రెండోది 2019లో గానీ రాలేదు. అప్పటికీ నాలుగోది వెలువడలేదు. బీరువాలో నాలుగు కనిపించకపోతే ఎవరో పట్టుకెళ్లారనుకోకండి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో అడిగినా, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగినా సంపుటం నంబరు ఒక్కటే చెబితే చాలదు. అయిదో సంపుటం, తొమ్మిదో సంపుటం రెండేసి పుస్తకాలు. రాజవంశం పేరు, భాగం, సంపాదకుడి పేరు కాగితం మీద రాసి ఇవ్వండి. రిఫరెన్సు విభాగంలో ఉంటే ఇంటికి ఇవ్వరు కాబట్టి ముందుగా విషయసూచిక, పటాలు, కాలపట్టిక ఫోన్లో ఫోటో తీసుకోండి.

చదవడానికి ఒక ప్రశ్న పట్టుకోండి. విశాఖ లాంటి ఓడరేవు ఊళ్లో ఉన్నాం కాబట్టి ఇది తీసుకుందాం: చైనాను ఏలిన మింగ్ వంశపు చక్రవర్తుల ఓడలు 1405–1433 మధ్య ఏడుసార్లు మన హిందూ మహాసముద్రం దాకా, కాలికట్ దాకా ఎందుకొచ్చాయి, తర్వాత ఎందుకు ఆగిపోయాయి?

మింగ్ కాలానికి 7, 8 సంపుటాలున్నాయి. ఏడోది (1988) ఒక్కో చక్రవర్తి పాలనగా నడిచే రాజకీయ చరిత్ర. ఎనిమిదోది (1998) పరిపాలన, చట్టం, ఆర్థికం, విదేశీ సంబంధాలు. ముందు ఏడులో 1399–1435 అధ్యాయం చదవండి, ఆ వెంటనే ఎనిమిదిలో ఆగ్నేయాసియా సంబంధాల అధ్యాయం. ఒక్క ఏడుతో ఆపేస్తే నౌకాయాత్రలు చక్రవర్తి సొంత ముచ్చటలా కనిపిస్తాయి. వాటి వెనకున్న కప్పాల వ్యవస్థ ఎనిమిదిలోనే అర్థమవుతుంది.

అసలు తంటా పుస్తకం చివరి పదసూచికలో వస్తుంది. ఆ యాత్రలు నడిపిన నౌకాధిపతి జెంగ్ హ పేరు జెడ్ అక్షరం కింద ఉండదు, సి కింద ‘చెంగ్ హో’ అని ఉంటుంది. చాలా సంపుటాలు వాడింది చైనా పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే వేడ్–జైల్స్ అనే పాత పద్ధతి, ఇప్పుడు వాడే పిన్యిన్ పద్ధతి కాదు. ఈ–బుక్కులో వెతికినా ఇదే ఇబ్బంది.

ఈ పద్ధతిలో అక్షరం పక్కన పెట్టే అపాస్ట్రఫీని ఒత్తుగా చదవండి. అది లేకపోతే ప, త, క, చ. ఉంటే ఫ, థ, ఖ, ఛ. ఇంగ్లీషు చదువరులు తడబడే ఈ తేడా మన చెవికి పుట్టుకతోనే ఉంది. నోట్సు తెలుగులోనే రాసుకుంటే మరీ తేలిక. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన వంశం ‘ఛిన్’. 1115లో ఈశాన్యాన ఉండే జుర్చెన్ జాతివాళ్లు స్థాపించింది ‘చిన్’. దాని కథ ఆరో సంపుటంలో ఉంది. ఆ చిన్న గుర్తు వదిలేశారో, 1300 ఏళ్లకు పైగా దూరంలో పడతారు.

రెండో చిక్కు చక్రవర్తుల పేర్లు. ఆ ఓడల్ని మొదట పంపిన చక్రవర్తి సొంత పేరు చు తి, పాలనా నామం యుంగ్–లో, చనిపోయాక చివరికి స్థిరపడ్డ ఆలయ నామం ఛెంగ్–త్సు. ముగ్గురనుకుని చదివితే అధ్యాయం మొత్తం గందరగోళమే. మింగ్, ఛింగ్ చక్రవర్తులను పాలనా నామంతోను, అంతకుముందటి థాంగ్, సుంగ్ వంశాల వాళ్లను ఆలయ నామంతోను పిలవడం రివాజు. థై–త్సుంగ్ అనే పేరు థాంగ్‌లోనూ ఉంది, సుంగ్‌లోనూ ఉంది, కాబట్టి వంశం పేరు కలిపే రాసుకోండి. ఒక చీటీ మీద మూడు గడులు గీసి పేర్లు నింపి పుస్తకంలో పెట్టుకుంటే వెనక్కి తిప్పే పని తగ్గుతుంది.

రోజుకు 15–20 పేజీలు మించొద్దు. మొదటిసారి ఫుట్‌నోట్లు వదిలేయండి. రెండోసారి మాత్రం తప్పక చూడండి, పండితుల మధ్య వాదాలు అక్కడే బయటపడతాయి.

విశాఖ దగ్గరి బౌద్ధ స్థలాలు తొట్లకొండ, బావికొండ చూసి చైనా బౌద్ధం మీద ఆసక్తి కలిగినవాళ్లు మొదటి సంపుటం చివరి అధ్యాయం తెరవండి. సంపుటం క్రీ.శ. 220తో ముగిసినా ఆ అధ్యాయం సుయి వంశం కాలం (581–618) దాకా వెళ్తుంది. క్రీ.పూ. 221కి ముందు కాలం ఈ వరసలో లేదు, దానికి 1999లో విడిగా ఒక పుస్తకం వచ్చింది. పదిహేనో సంపుటం 1982 దగ్గర ఆగుతుంది. 1978–80 నాటి సంపుటాల్లో సంఘటనల క్రమాన్ని నమ్మండి. జనాభా, వాణిజ్యం లెక్కలు మాత్రం ఇటీవలి పరిశోధనతో సరిచూసుకోండి.